పోర్చుగల్ కెప్టెన్ మొజాంబిక్ ఎంపీ ఎలా అయ్యారు? మారియో కొలునా జీవితం వెనకున్న లెక్కలు

క్లుప్తంగా: మారియో కొలునా 1966 ప్రపంచ కప్‌లో పోర్చుగల్ కెప్టెన్. అదే పోర్చుగల్‌తో పదేళ్లు సాయుధ పోరాటం చేసిన ఫ్రెలిమో పార్టీ తరఫున ఆ తర్వాత మొజాంబిక్ పార్లమెంటులో కూర్చున్నారు. దీన్ని గోడ దూకడంగా చూస్తే ఏమీ అర్థం కాదు. తెల్ల తండ్రికీ ఆఫ్రికన్ తల్లికీ పుట్టిన చిన్న వర్గానికి వలస చట్టం ఇచ్చిన అరకొర హోదా, విదేశీయులను తీసుకోని క్లబ్బు నియమం, 1961లో పోర్చుగల్‌కు తగిలిన దెబ్బలు, 1975లో వచ్చిన పౌరసత్వ చట్టం, ఇవన్నీ కలిపి చూస్తేనే ఆయన దారి తెలుస్తుంది.

ఫుట్‌బాల్ గురించి రాసేవాళ్లు కొలునాను పోర్చుగల్ దిగ్గజాల్లో కలుపుతారు. ఆఫ్రికా గురించి రాసేవాళ్లు మొజాంబిక్ ముద్దుబిడ్డ అంటారు. రెండూ చదివినవాళ్లకు వచ్చే అనుమానం న్యాయమైనదే. స్వదేశంలో స్వాతంత్ర్య యుద్ధం నడుస్తున్న రోజుల్లో పాలకుల జెర్సీ వేసుకుని, చేతికి కెప్టెన్ పట్టీ కట్టుకుని ఆడిన మనిషిని విప్లవ పార్టీ ఎందుకు అక్కున చేర్చుకుంది? మరి ఆయన ఎందుకు వెనక్కి వెళ్లారు? పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో ఆయనకేమీ తక్కువ లేదు.

చట్టం గీసిన గీత

కొలునా 1935 ఆగస్టు 6న దక్షిణ మొజాంబిక్‌లో పుట్టారు. తండ్రి పోర్చుగీసు, తల్లి ఆఫ్రికన్. ఇలాంటి మిశ్రమ సంతతి వాళ్లను అక్కడ మెస్తిసోలు అనేవారు. 1950 జనాభా లెక్కల నాటికి మొజాంబిక్‌లో సుమారు 57 లక్షల మంది ఉంటే, తెల్లవాళ్లు యాభై వేల లోపు, మెస్తిసోలు పాతిక వేల చిల్లర.

ఆ కాలంలో మొజాంబిక్‌లో మనిషి బతుకు 'ఇండిజెనాటో' అనే చట్టం మీద నడిచేది. 1920ల నుంచి ఉన్న ఈ ఏర్పాటును 1954లో మరోసారి తిరగరాశారు. జనాన్ని అది రెండు ముక్కలు చేసింది: పౌరులు ఒకవైపు, 'దేశవాసులు' అన్న ముద్ర పడ్డవాళ్లు మరోవైపు. రెండో వర్గం వాళ్లు గుర్తింపు పుస్తకం జేబులో పెట్టుకుని తిరగాలి. 'షిబాలో' అనే నిర్బంధ కూలీకి పిలిస్తే వెళ్లాలి. ఉత్తరాది జిల్లాల్లో వరి, జొన్న పక్కనపెట్టి బలవంతంగా పత్తి వేయాలి. పోర్చుగీసు చక్కగా మాట్లాడుతూ, నిలకడైన సంపాదన ఉండి, నడవడి 'నాగరికం'గా ఉందని అధికారులను ఒప్పించిన ఆఫ్రికన్లకు 'అసిమిలాడో' హోదా ఇచ్చి పౌరుల వైపు చేర్చేవారు. 1950 నాటికి అలా గీత దాటినవాళ్లు దేశం మొత్తంలో అయిదు వేల మంది కూడా లేరు. వందల ఏళ్లుగా నాగరికత నేర్పుతున్నామని చెప్పుకున్న పాలన సాధించిన ఫలితం అంత.

మెస్తిసోల పరిస్థితి తండ్రి మీద ఆధారపడేది. ఆయన బిడ్డను కాగితం మీద ఒప్పుకుంటే ఒక దారి, ఒప్పుకోకపోతే తల్లి బతుకే బిడ్డ బతుకు. ఒప్పుకున్నా ఉద్యోగాల్లో, జీతాల్లో, క్లబ్బు సభ్యత్వాల్లో తెల్లవాళ్ల వరసలో చోటు దొరికేది కాదు.

ఈ మధ్య స్థానం నుంచి రెండు పనులు జరిగాయి. చదువు, భాష, పత్రికలు అందుబాటులో ఉండటంతో వలస పాలన మీద తొలి విమర్శ చాలావరకు ఈ వర్గం నుంచే వచ్చింది. 20వ శతాబ్దం మొదట్లో పత్రికలు నడిపిన జొవావ్ అల్బసీని, తర్వాతి తరం కవులు జోసే క్రవెయిరిన్యా, నొయేమియా ద సౌజా, ఫ్రెలిమో వ్యవస్థాపకుల్లో ఒకరైన మార్సెలీనో దొస్ సాంతోస్, అందరూ మెస్తిసోలే. మరోవైపు, మా పాలనలో జాతి వివక్ష లేదని ప్రపంచానికి చూపించుకోవడానికి లిస్బన్‌కు కావలసిన ముఖాలూ ఇక్కడే దొరికాయి. ఒకే ఇరుకు నేల నుంచి తిరుగుబాటు కవులూ వచ్చారు, జాతీయ జట్టు కెప్టెనూ వచ్చారు.

రెండు ఊళ్లు, రెండు లీగులు

రాజధాని లోరెన్సో మార్కెస్, అంటే నేటి మపూటో, అప్పట్లో రెండు ఊళ్లు. ఒకటి తెల్లవాళ్లుండే సిమెంటు నగరం. దాన్ని చుట్టుకుని రెల్లు గోడలు, చెక్కలు, జింకు రేకులతో కట్టిన శివారు బస్తీలు. వాటిలో మఫలాలా ఒకటి. క్రవెయిరిన్యా, తర్వాత ప్రపంచమంతా పేరు తెచ్చుకున్న ఫుట్‌బాల్ ఆటగాడు యూసేబియో, డిఫెండర్ హిలారియో ఈ బస్తీ వాళ్లే. తర్వాత దేశాధ్యక్షులైన సమోరా మషెల్, జోకిమ్ చిస్సానో కూడా కొన్నాళ్లు ఇక్కడున్నారు. ఇసుక నేల మీద, పాత సాక్సులో వార్తాపత్రికలు కుక్కి చేసిన బంతితో పిల్లలు ఆడేవాళ్లు. యూసేబియో ఆడిన బస్తీ జట్టు పేరు 'బ్రెజిలియన్లు'.

ఫుట్‌బాల్ కూడా ఆ గీత ప్రకారమే నడిచింది. సిమెంటు నగరపు క్లబ్బులకు ఒక సంఘం, బస్తీ క్లబ్బులకు 'ఆఫ్రికన్ ఫుట్‌బాల్ సంఘం' అని మరొకటి. కొలునా మొదట ఆడింది జొవావ్ అల్బసీని పేరు పెట్టుకున్న బస్తీ క్లబ్బులో. అక్కడి నుంచి లిస్బన్‌లోని పెద్ద క్లబ్బు బెన్ఫికాతో సంబంధాలున్న నగర క్లబ్బు డెస్పోర్టివోకు వెళ్లారు. చూడటానికి మామూలు క్లబ్బు మార్పే. ఆ ఊళ్లో మాత్రం అది సామాజిక సరిహద్దు దాటడం, ఎక్కువమందికి దొరకని అవకాశం.

1954లో బెన్ఫికా ఆయనను లిస్బన్ రప్పించింది. అప్పటికి ఆయన ఫార్వర్డ్. ఆ చోటులో అంగోలాలో పుట్టిన జోసే అగ్వాస్ పాతుకుపోయి ఉన్నాడు. బ్రెజిల్ నుంచి వచ్చిన కోచ్ ఒట్టో గ్లోరియా కొలునాను మిడ్‌ఫీల్డ్‌కు మార్చారు. ఆయన కెరీర్‌ను మలుపు తిప్పిన నిర్ణయం ఇదే. గోల్ కొట్టేవాడు కాస్తా ఆటను నడిపేవాడయ్యారు, జట్టు మొత్తం ఆయన మాట వినాల్సిన చోటుకు వచ్చారు.

ఇక్కడ ఒక క్లబ్బు నియమం గురించి చెప్పుకోవాలి. 1970ల చివరి దాకా బెన్ఫికా విదేశీ ఆటగాళ్లను తీసుకోలేదు. పోర్చుగీసు జాతీయులతోనే ఆడేది. అయితే 1951 రాజ్యాంగ సవరణతో వలస దేశాలన్నీ 'సముద్రం అవతలి రాష్ట్రాలు' అయిపోయాయి. కాబట్టి మొజాంబిక్, అంగోలాల్లో పుట్టినవాళ్లు విదేశీయుల లెక్కలోకి రారు. రియల్ మాడ్రిడ్ అర్జెంటీనా నుంచీ హంగరీ నుంచీ ఆటగాళ్లను కొనుక్కుంటుంటే, బెన్ఫికాకు దేశం బయట ఉన్న వనరు ఆ వలస దేశాలే. ఆఫ్రికా ఆటగాళ్లు ఆ జట్టులో అంతమంది ఉండటానికి కారణం ఉదారత కాదు, ఈ నియమమూ ఈ పటమూ.

1961: ఒకే ఏడాదిలో అన్నీ

కొలునాకు రాజకీయ విలువ ఎప్పుడు వచ్చిందో చూడాలంటే 1961 క్యాలెండర్ చాలు. ఫిబ్రవరిలో అంగోలా రాజధాని లువాండాలో జైలు మీద దాడి, మార్చిలో ఉత్తర అంగోలాలో తిరుగుబాటు. వలస యుద్ధం మొదలైంది. మే 31న స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో బెన్ఫికా 3-2తో బార్సిలోనాను ఓడించి తొలిసారి యూరోపియన్ కప్ గెలిచింది. మూడో గోల్ కొలునాది, దూరం నుంచి కొట్టిన వాలీ. సెప్టెంబర్‌లో అంతర్జాతీయ ఒత్తిడికి తలొగ్గి ఇండిజెనాటో చట్టాన్ని రద్దు చేశారు. డిసెంబర్ 18, 19 తేదీల్లో భారత సైన్యం గోవాను విముక్తం చేసింది.

గోవా దెబ్బ లిస్బన్‌కు గట్టిగా తగిలింది. చివరి మనిషి దాకా పోరాడమన్న పోర్చుగల్ నియంత సాలజార్ ఆదేశాన్ని పక్కనపెట్టి లొంగిపోయిన గవర్నర్ జనరల్ వస్సాలో ఇ సిల్వాను తర్వాత సైన్యం నుంచే వెళ్లగొట్టారు. ఆ కోపం మొజాంబిక్‌లో దుకాణాలు పెట్టుకుని బతుకుతున్న భారతీయుల మీదికీ మళ్లింది. భారత పౌరులను శిబిరాల్లో నిర్బంధించి, ఆస్తులు స్వాధీనం చేసుకుని, దేశం నుంచి పంపేశారు. వలస పాలనలో అల్పసంఖ్యాకుల భద్రత ఎప్పుడూ షరతుల మీదే ఉంటుందని మెస్తిసోలకూ ఇది కళ్లెదుటి పాఠమే.

'మిన్యో నుంచి తైమూర్ దాకా ఒకే దేశం', అంటే పోర్చుగల్ ఉత్తర కొస నుంచి ఆసియాలోని చివరి వలస దాకా అంతా ఒకటే, అన్న నినాదానికి సాక్ష్యం కావలసిన రోజులవి. బ్రెజిల్ సామాజికవేత్త జిల్బెర్టో ఫ్రేరే సిద్ధాంతాన్ని సాలజార్ ప్రభుత్వం అప్పటికే సొంతం చేసుకుంది. పోర్చుగీసువాళ్లు ఎక్కడికి వెళ్లినా అక్కడి జనంలో కలిసిపోతారనేది దాని సారం. ఐక్యరాజ్యసమితిలో దౌత్యవేత్తలు ఆ మాట చెబితే ఎవరూ నమ్మలేదు. నలుపు తెలుపు కలిసి ఆడుతున్న జట్టు యూరప్ ఛాంపియన్ అయినప్పుడు ఫోటో చూసినవాళ్లకు అది నిజమేననిపించింది. 1962 ఫైనల్‌లో రియల్ మాడ్రిడ్‌ను 5-3తో ఓడించినప్పుడు స్కోరు 3-3 చేసింది కొలునాయే. ఆ తర్వాత యూసేబియో రెండు గోల్స్ కొట్టాడు. అదే ఏడాది జూన్ 25న దారెస్సలాంలో ఫ్రెలిమో పుట్టింది.

కెప్టెన్ అంటే ఏం చేసేవారు

యూసేబియో 1960 డిసెంబర్‌లో లిస్బన్ వచ్చినప్పుడు అతనికి పద్దెనిమిదేళ్లు. కొడుకును చూసుకోమని తల్లి కొలునాకు ఉత్తరం పంపింది. ఆయన దాన్ని మొక్కుబడిగా తీసుకోలేదు. బట్టలు కొనిపెట్టడం, బ్యాంకు ఖాతా తెరిపించడం దగ్గర్నుంచి పెద్దన్నలా అన్నీ చూశారు. ప్రపంచం మొత్తానికి పేరు తెలిశాక కూడా యూసేబియో ఆయనను గౌరవ వాచకం లేకుండా పిలవలేదు. ఊరు విడిచి వచ్చిన కుర్రాడికి కొత్త ఊళ్లో దారి చూపడం, క్లబ్బు పెద్దలతో వాళ్ల తరఫున మాట్లాడటం, డ్రెస్సింగ్ రూమ్‌లో గొంతు పెంచకుండానే మాట చెల్లించుకోవడం, కొలునా అసలు పని ఇదీ. మైదానంలో ఆయన హుందాతనం చూసి అభిమానులు 'పవిత్ర రాక్షసుడు' అనేవారు.

బెన్ఫికాకు 16 సీజన్లు, 10 లీగ్ టైటిళ్లు, పోర్చుగల్‌కు 57 మ్యాచ్‌లు. 1966లో ఇంగ్లండ్‌లో ఆయన నడిపించిన జట్టు బ్రెజిల్‌ను 3-1తో ఇంటికి పంపి, సెమీస్‌లో ఇంగ్లండ్ చేతిలో ఓడి, సోవియట్ యూనియన్‌ను ఓడించి మూడో స్థానంలో నిలిచింది. ఆ జట్టులో మొజాంబిక్ వాళ్లు నలుగురు: కొలునా, యూసేబియో, హిలారియో, విసెంటె. అప్పటికే ఉత్తర మొజాంబిక్‌లో, ముయెడా పీఠభూమి చుట్టుపక్కల యుద్ధం రెండో ఏడాదిలో ఉంది. అది మొదలైంది 1964 సెప్టెంబర్ 25న.

ఎందుకు పారిపోలేదు?

ఈ ప్రశ్నకు అల్జీరియాతో పోలిక బాగా పనికొస్తుంది. 1958 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లో ఆడుతున్న అల్జీరియన్ ప్రొఫెషనల్ ఆటగాళ్లు కొందరు రహస్యంగా సరిహద్దు దాటి ట్యునీషియా చేరి, విమోచన సంస్థ ఎఫ్ఎల్ఎన్ జట్టుగా ఆడారు. వాళ్లలో రషీద్ మెఖ్లూఫీ, ముస్తఫా జితూనీ ఫ్రాన్స్ ప్రపంచ కప్ జట్టుకు పరిశీలనలో ఉన్నవాళ్లు. అల్జీరియా తొలి అధ్యక్షుడు అహ్మద్ బెన్ బెల్లా కూడా కుర్రతనంలో మార్సెయ్ క్లబ్బుకు ఆడినవాడే. మరి మొజాంబిక్ ఆటగాళ్లు ఆ పని ఎందుకు చేయలేదని నిలదీసేవాళ్లున్నారు.

పరిస్థితులు వేరు. ఫ్రాన్స్‌లో లక్షల మంది అల్జీరియన్ కార్మికులుండేవారు, వాళ్ల మధ్య ఎఫ్ఎల్ఎన్‌కు గట్టి యంత్రాంగం ఉండేది. పక్కనే స్వతంత్ర ట్యునీషియా ఉంది. లిస్బన్‌లో ఆఫ్రికన్ల సంఖ్యే తక్కువ. పోర్చుగలే నియంతృత్వంలో ఉంది, పీడే అనే రహస్య పోలీసు ప్రతి గుంపు మీదా కన్నేసేది. ఆటగాళ్లు విదేశీ క్లబ్బులకు మారాలన్నా ప్రభుత్వం అడ్డుపడేది. యూసేబియోను ఇటలీ క్లబ్బులు అడిగినా పంపలేదు. అన్నిటికీ మించి, కొలునా తొలి యూరోపియన్ కప్ గెలిచేనాటికి ఫ్రెలిమో ఇంకా పుట్టనేలేదు.

వెళ్లినవాళ్లు లేకపోలేదు. 1961లో చిస్సానో సహా ఆఫ్రికన్ విద్యార్థులు పెద్ద గుంపుగా పోర్చుగల్ నుంచి ఫ్రాన్స్‌కు తప్పించుకున్నారు. కొయింబ్రా నగరపు విద్యార్థి క్లబ్బు అకాడెమికాకు ఆడిన అంగోలా వాడు డానియెల్ షిపెండా దేశం దాటి అంగోలా విమోచన సంస్థ ఎంపీఎల్ఏలో సైనిక నాయకుడయ్యాడు. వీళ్లకు విద్యార్థి సంఘాల అండ ఉంది. లిస్బన్ ప్రొఫెషనల్ ఆటగాళ్లకు అలాంటి గూడు లేదు. కొలునా మౌనాన్ని పాలనకు మద్దతుగా చదవడం తొందరపాటు. తర్వాత ఎంపీ అయ్యారు గనక లోలోపల విప్లవకారుడేనని రాయడం కూడా అంతే తొందరపాటు. రెండూ ఆధారం కన్నా ముందుకు పోతాయి.

1975: తెరిచి ఉన్న తలుపు, ఎంచుకున్న దారి

1974 ఏప్రిల్ 25న లిస్బన్‌లో సైనికాధికారులు నియంతృత్వాన్ని కూల్చారు. సెప్టెంబర్‌లో మొజాంబిక్ స్వాతంత్ర్యం మీద పోర్చుగల్‌కూ ఫ్రెలిమోకూ మధ్య లుసాకా ఒప్పందం కుదిరింది. 1975 జూన్ 25కి తెల్లారబోతుండగా అర్ధరాత్రి మపూటో శివారులోని మషావా స్టేడియంలో సమోరా మషెల్ స్వాతంత్ర్యం ప్రకటించారు. 1968లో కట్టినప్పుడు ఆ స్టేడియానికి సాలజార్ పేరు పెట్టారు.

దానికి ఒక్కరోజు ముందు, జూన్ 24న, పోర్చుగల్ కొత్త పౌరసత్వ చట్టం తెచ్చింది. ఆఫ్రికాలో పుట్టిన నల్లవాళ్లలో అత్యధికులు దాంతో పోర్చుగీసు పౌరసత్వం కోల్పోయారు. పోర్చుగల్‌లో పుట్టిన తండ్రి, తాత లాంటి పూర్వీకుడున్నవాళ్లకు మాత్రం అది నిలబడింది. నిన్నటిదాకా అందరం ఒకటేనన్న రాజ్యం రక్త సంబంధం చూపించమంది. రెండు లక్షలకు పైగా ఉన్న తెల్లవాళ్లలో ఎక్కువమంది మొజాంబిక్ వదిలేశారు. వాళ్ల వెంట చాలా మెస్తిసో కుటుంబాలూ వెళ్లాయి.

పోర్చుగీసు తండ్రి ఉన్న కొలునా లాంటివాళ్లకు ఆ తలుపు తెరిచే ఉంది. యూసేబియో పోర్చుగల్‌లోనే ఉండిపోయాడు, అక్కడే 2014 జనవరి 5న చనిపోయాడు, మరుసటి ఏడాది జాతీయ సమాధి మందిరానికి చేరాడు. కొలునా మాత్రం జనం వెళ్లిపోతున్న దేశానికి ఎదురు వెళ్లారు. 1977లో మొదలై 1992 దాకా సాగిన అంతర్యుద్ధం, కరవు, రేషను క్యూలు, అన్నీ అక్కడే చూశారు. ఆయన జీవితంలో అన్నిటికన్నా రాజకీయమైన పని ఇదే. ఎంపీ పదవి దీని తర్వాతిది.

పార్టీకి ఆయనతో ఏం పని?

ఫ్రెలిమో లోపల జాతి గొడవ చిన్నది కాదు. 1968, 69 ప్రాంతంలో తెల్లవాళ్లకూ మెస్తిసోలకూ ఉద్యమంలో చోటు ఉండాలా అనే దాని మీద పార్టీ చీలిక దాకా వెళ్లింది. చర్మం రంగు కాదు, దోపిడీయే శత్రువు అన్న వర్గం మషెల్ నాయకత్వంలో గెలిచింది. ఆ మాట నిజమని చూపించాలంటే అల్పసంఖ్యాకులు అధికార స్థానాల్లో కనిపించాలి.

అదే సమయంలో వలస పాలనతో అంటకాగినవాళ్ల మీద పార్టీ కఠినంగా ఉంది. 1977 ఎన్నికల్లో అభ్యర్థుల పేర్లను బహిరంగ సభల్లో చదివి, పాత ప్రభుత్వంతో సంబంధమున్నవాళ్లను జనమే తిరస్కరించే పద్ధతి పెట్టారు. తర్వాత అలాంటివాళ్ల ఫోటోలు పనిచేసే చోట్ల అంటించారు. పోర్చుగల్ జెర్సీ కూడా ఈ లెక్కలో మచ్చే కావాలి. కాలేదు. బస్తీల్లో ఆ జెర్సీకి వేరే అర్థం ఉండటమే కారణం. మఫలాలా జనానికి కొలునా అంటే తెల్లవాళ్ల జట్టుకు ఆజ్ఞలిచ్చిన మావాడు. లిస్బన్ ఏకత్వానికి సాక్ష్యంగా వాడుకున్న ఫోటోనే మపూటో సామర్థ్యానికి సాక్ష్యంగా చూసింది. ఇవాళ్టికీ ఆ నగరంలో బెన్ఫికాకు అభిమానులు తక్కువేం లేరు.

ఫ్రెలిమో తరఫున ఎంపీగా, మొజాంబిక్ ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడిగా కొలునా పనిచేశారు. ఈ రెండిట్లో బరువు దేనిదో గమనించాలి. ఒకే పార్టీ ఉన్న వ్యవస్థలో విధానాలు పార్టీ పై కమిటీల్లో తేలేవి, సభ ఆమోదించేది. లైబీరియాలో ఫుట్‌బాల్ ఆటగాడు జార్జ్ వేయా లాగా సొంత పార్టీ పెట్టి, అధ్యక్ష ఎన్నికల్లో 2005లో ఓడి, 2017లో గెలిచి, 2023లో మళ్లీ ఓడే దారి అక్కడ లేదు. వేయా పేరు ఓట్లుగా మారింది. కొలునా పేరు పార్టీకి విశ్వసనీయతగా మారింది, ఓట్లుగా ఎప్పుడూ పరీక్షకు నిలవలేదు. బదులుగా ఆయనకు దక్కింది ఆట మీద అధికారం. కోచ్‌లు, మైదానాలు, కుర్రాళ్లు, అంతర్జాతీయ సంబంధాలు. కొత్తగా పుట్టిన పేద దేశానికి ఫిఫా దగ్గరా పోర్చుగల్ దగ్గరా తలుపు తట్టగల మనిషి ఆయనే. మొజాంబిక్ 1986లో తొలిసారి ఆఫ్రికా కప్ ఫైనల్ టోర్నీకి వెళ్లింది, 1996, 1998లో మళ్లీ వెళ్లింది. రాజధానికి దగ్గర్లోని నమాషాలో పిల్లల కోసం ఆయన పేరుతో ఫుట్‌బాల్ అకాడమీ వచ్చింది. యూసేబియో పోయిన ఏడు వారాలకు, 2014 ఫిబ్రవరి 25న కొలునా మపూటోలో కన్నుమూశారు.

తర్వాతి తరం

1975లో రెండు దేశాలూ విడిపోవడం ఆటగాళ్ల దారిని నెమ్మదిగా మార్చింది. స్వాతంత్ర్యానికి ముందు నంపూలాలో పుట్టి చిన్నప్పుడే పోర్చుగల్ చేరిన అబెల్ షవియెర్ 2000 యూరో కప్‌లో పోర్చుగల్‌కే ఆడాడు. 2016లో మాత్రం మొజాంబిక్ కోచ్‌గా వెళ్లాడు. ఆ తర్వాతి తరంలో బెయిరా నగరం నుంచి వచ్చిన రెయినిల్డో మండావా, కొలునా లాగే, బెన్ఫికా గుండానే యూరప్‌లో అడుగుపెట్టి అట్లెటికో మాడ్రిడ్ దాకా వెళ్లాడు. లిస్బన్ అతన్ని విదేశీ ఆటగాడిగానే లెక్కేసింది. 2024 జనవరిలో ఐవరీ కోస్ట్‌లో ఆఫ్రికా కప్ ఆడినప్పుడు అతను వేసుకున్నది మొజాంబిక్ జెర్సీ.